‘నేదు’ అంటే ‘నేడు’ కాదు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నప్పుడు వార్డెన్ మేడమ్ “కంప్యూటర్ చదువుతున్నావు కదా, దాని గురించి రాయమ్మా” అన్నారు. చెల్లెళ్ళేమో “నువ్వెప్పుడు ఫోన్ ఎత్తినా రైల్లోనో బస్సులోనో ఉంటావక్కా, నీ ప్రయాణాల గురించి రాయి” అన్నారు. నా వరకు ఈ రెండూ ఒకటే విషయం. నా ల్యాబ్ సగం విశాఖపట్నంలో ఉంది. మిగతా సగం పలాస వెళ్ళే ప్యాసింజరు రైల్లో ఉంది. అదెలాగో ఈ నాలుగు పేజీల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నా వారం

నేను విశాఖలో ఎం.సి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు ఉద్దానంలో, పలాసకు దగ్గర. సోమవారం నుంచి శుక్రవారం వరకు క్లాసులు, ల్యాబ్. శుక్రవారం సాయంత్రం రైలు. శనివారం మా ఊళ్ళోనో చుట్టుపక్కల ఊళ్ళలోనో ప్రాజెక్టు పని. ఆదివారం మళ్ళీ రైలు. ఒక్కో వారం దారి మారుతుంది. శ్రీకాకుళం రోడ్డులో దిగి శ్రీకాకుళం వెళ్తాను. మన జిల్లా కేంద్రంలో రైల్వే స్టేషన్ లేదని, దాని పేరు పెట్టుకున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉందని బయటి స్నేహితురాళ్ళకు ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. ఇంకో వారం విజయనగరంలో దిగి, బస్సులో రాజాం, పాలకొండ మీదుగా సీతంపేట వెళ్తాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వెళ్ళింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లాలు మారాయి గానీ ఆ దారిలో వినబడే మాటలు మారలేదు.

నా సంచిలో ఉండేవి ఇవి: పాత ల్యాప్‌టాప్, ఛార్జరు, పవర్ బ్యాంక్, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు, రెండు నోటు పుస్తకాలు, నీళ్ళ సీసా, ఒక జత బట్టలు. తిరుగు ప్రయాణంలో వీటితో పాటు అమ్మ కట్టిన మూట ఒకటి చేరుతుంది. అందులో ఏముందో విప్పి చూసేదాకా నాకూ తెలియదు.

రైల్లో చదువు ఎలా సాగుతుందని చాలామంది అడుగుతారు. నెట్ అవసరమైన పని ఏదీ రైలుకు మిగల్చకూడదు. చదవాల్సిన వ్యాసాలు, చూడాల్సిన పాఠాలు ల్యాబ్‌లోనే దించుకుంటాను. సీటు దొరికితే ప్రోగ్రాము రాస్తాను. దొరకకపోతే నిలబడి ఇయర్‌ఫోన్‌లో పాఠం వింటాను. సిగ్నల్ పోయే చోట్లు నాకు స్టేషన్ల మాదిరిగానే గుర్తుండిపోయాయి. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, శ్రీకాకుళం రోడ్డు, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, పలాస. ఈ వరుసను నిద్రలో అడిగినా చెప్పగలను.

బస్సు ఖర్చు ఒకప్పుడు పెద్ద లెక్క. ఈ నెల సీతంపేట వెళ్తే వచ్చే నెల వెళ్ళకూడదు అనుకునేదాన్ని. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు జీరో టికెట్టు ఇవ్వడం మొదలుపెట్టాక నా ప్రాజెక్టు ఊళ్ళ సంఖ్య పెరిగింది. ఆధార్ కార్డు చూపించి టికెట్టు తీసుకున్న ప్రతిసారీ, ఆ మిగిలిన డబ్బు నాకు ఒక స్కాలర్‌షిప్‌లాగే అనిపిస్తుంది.

ప్రయాణంలో భయం కూడా ఉంది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ మధ్య ఆగి ఉన్న పలాస ప్యాసింజరును వెనుక నుంచి వచ్చిన రాయగడ ప్యాసింజరు ఢీకొట్టిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. ఆ రెండు బళ్ళలో ఉన్నవాళ్ళంతా మనలాంటివాళ్ళే. ఆదివారం ఊరికి వెళ్ళి వస్తున్నవాళ్ళు, పనికి వెళ్ళి వస్తున్నవాళ్ళు. అప్పటి నుంచి మా అమ్మ ఒక నియమం పెట్టింది. విజయనగరం దాటగానే కబురు చెయ్యాలి. అమ్మకు అక్షరాలు రావు. అందుకని నేను రాయను, మాట రికార్డు చేసి పంపుతాను. అమ్మ కూడా మాటే పంపుతుంది. “దాటీసినావా? సరే, బేగి రా” అని.

ఆ మాటల దగ్గరే నా ప్రాజెక్టు మొదలైంది.

కూలీ నేదు, కూలీ నేడు

మా నాన్న చెన్నైలో ఇళ్ళు కట్టే పనికి వెళ్తాడు. అమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. నాన్న ఐదో తరగతి దాకా చదివాడు కాబట్టి కూడబలుక్కుని చదవగలడు. పని జరిగే చోట చప్పుడులో ఫోనులో మాట వినబడదు. అందుకని అమ్మ, మాటను అక్షరాలుగా మార్చే ఒక యాప్‌లో మాట్లాడి, వచ్చిన అక్షరాలను నాన్నకు పంపేది.

ఒకసారి జీడి బట్టీలో పని ఆగిపోయింది. అమ్మ ఫోనులో “ఈ వారం కూలీ నేదు” అంది. మన వైపు ‘లేదు’ను చాలామంది ‘నేదు’ అంటారని మీకు తెలుసు. యాప్‌కు తెలియదు. అది “ఈ వారం కూలీ నేడు” అని రాసింది. అమ్మ చదవలేదు కాబట్టి అలాగే పంపేసింది. నాన్న ఆ అక్షరాలు చదివి, ఇవాళ కూలి డబ్బులు అందాయనుకుని, పంపాల్సిన డబ్బు పంపకుండా రెండు రోజులు ఆగాడు. ఆ రెండు రోజులు ఇంట్లో అప్పు మీద గడిచింది.

పెద్ద నష్టం జరగలేదు. కానీ కంప్యూటర్ చదువుతున్న నాకు ఆ ఒక్క అక్షరం చాలా రోజులు బుర్రలో తిరిగింది. మాటను గుర్తించే యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మొత్తం మాటల్లో ఎన్ని తప్పు రాసింది, ఎన్ని వదిలేసింది, ఎన్ని లేనివి చేర్చింది అని లెక్కగట్టి శాతంలో చెబుతారు. “ఈ వారం కూలీ నేదు” అనే నాలుగు మాటల్లో తప్పు ఒక్కటే. అంటే 25 శాతం. అర్థం లెక్కన చూస్తే నూటికి నూరూ తప్పు. ఉన్నది లేదని చెప్పినా, లేనిది ఉందని చెప్పినా పేదవాళ్ళ ఇంట్లో పొయ్యి మీద దాని ఫలితం కనిపిస్తుంది.

ఇంకో ముచ్చట చెబుతాను. మా ఉద్దానంలో జీడి గింజలను జీడి పిక్కలు అంటారు. 80 కేజీల బస్తా లెక్కన వాటి ధర మాట్లాడుకుంటారు. మా పక్కింటి మామ్మ ఫోనును “పిక్కల రేటెంత?” అని అడిగితే, అది కాలి పిక్కల నొప్పికి మందులు చూపించింది. మామ్మ “నాకు కాళ్ళు నొప్పులని దీనికెవులు సెప్పినారు?” అని ఆశ్చర్యపోయింది. అందరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక కూడా పిక్కల ధర మాత్రం తెలియలేదు.

యంత్రం ఎలా వింటుంది?

ఇది సైన్సు చెల్లెళ్ళ కోసం. మిగతావాళ్ళు కూడా భయపడకుండా చదవవచ్చు.

మాటను గుర్తించే ప్రోగ్రాములు సాధారణంగా మన గొంతును సెకనుకు 16,000 సార్లు కొలిచిన అంకెలుగా తీసుకుంటాయి. ఆ అంకెలను సుమారు 25 మిల్లీసెకన్ల చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఏ స్థాయి శబ్దం ఎంత బలంగా ఉందో ఒక బొమ్మలాగా మార్చుకుంటాయి. ఇది మొదటి పని, వినడం. రెండో పని ఊహించడం. ఈ బొమ్మకు దగ్గరగా ఉన్న మాటల్లో ఏది ఇక్కడ వచ్చే అవకాశం ఎక్కువ అని ఆలోచించి రాస్తాయి.

మన హాస్టల్‌లో స్టడీ అవర్‌లో డిక్టేషన్ చెప్పినప్పుడు ఏం జరిగేదో గుర్తు తెచ్చుకోండి. వెనుక వరుసలో ఉన్న పిల్లకు ఒక మాట సరిగా వినబడకపోతే, తనకు తెలిసిన దగ్గరి మాట రాసేస్తుంది. యంత్రం కూడా అదే చేస్తుంది. దానికి నేర్పినవి ఎక్కువగా వార్తలు చదివే గొంతులు, ఉపన్యాసాలు, పుస్తకాల భాష. వాటిలో ‘నేడు’ వేలసార్లు వస్తుంది. ‘నేదు’ రాదు. అందువల్ల ‘నేదు’ వినబడినా ‘నేడు’ అనే రాస్తుంది. దానికి మన మీద కోపం లేదు. మనల్ని ఎప్పుడూ వినలేదు, అంతే.

2022 సెప్టెంబరులో ఓపెన్ఏఐ సంస్థ విస్పర్ అనే ప్రోగ్రామును అందరూ వాడుకునేలా విడుదల చేసింది. దానికి 6,80,000 గంటల మాట వినిపించి నేర్పారు. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఇంగ్లీషే. మిగిలిన దానిలో ప్రపంచంలోని తొంభైకి పైగా భాషలు సర్దుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షల మంది. ఇంతమంది ఉన్నా, యంత్రం చెవిలో తెలుగు వాటా చిన్నది. ఆ చిన్న వాటాలో మన శ్రీకాకుళం, విజయనగరం గొంతు ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఈ లోటు గుర్తించి పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు. మొజిల్లా సంస్థ 2017లో కామన్ వాయిస్ మొదలుపెట్టింది. అందులో ఎవరైనా తమ గొంతును దానంగా ఇవ్వవచ్చు. తెలుగు కూడా ఉంది. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ బృందం 22 భారతీయ భాషల మాటలు సేకరిస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి తెచ్చింది. నా ప్రాజెక్టు వీటి ముందు ఆవగింజంత. మన వైపు మాటను సేకరించి, అందరికీ అందుబాటులో ఉన్న ఒక ప్రోగ్రాముకు వినిపించి, ‘నేదు’ను ‘నేదు’గా రాసేలా చేయడమే నా పని.

రైలు పెట్టెలో ల్యాబ్

మాటలు సేకరించాలంటే మనుషులు కావాలి. మన వైపు అన్ని ఊళ్ళ మనుషులూ ఒకచోట దొరికేది ఎక్కడ? ప్యాసింజరు రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో. కూరగాయల గంపలతో ఎక్కేవాళ్ళు, విశాఖ కె.జి.హెచ్.కి చూపించుకోవడానికి వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళు, పురుటికి కూతురిని తీసుకెళ్ళే తల్లులు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, వలస వెళ్ళి పండగకు తిరిగొచ్చేవాళ్ళు. మా ఇంట్లో నాకంటే ముందు రైలెక్కిన ప్రతివాళ్ళూ కూలి పని కోసమే ఎక్కారు. చదువు కోసం ఎక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. అందుకని ఆ పెట్టెలో కూర్చున్నప్పుడు నేను వాళ్ళకు పరాయిదాన్ననిపించదు.

ఒక మామ్మను అడిగాను.

“మామ్మా, మీ మాట రికార్డు చేసుకుంటాను. మీకు ఇష్టమేనా?”

“నా మాటేటమ్మా! పాటేమైనా పాడాలేటి?”

“పాటొద్దు మామ్మా. మామూలుగా మాట్లాడండి చాలు.”

“మామూలు మాటకి మిషనెందుకమ్మా? మామూలు మాట ఎవులైనా ఇంటారు కదా.”

“ఎవులూ ఇనడం నేదనే కదా మామ్మా ఈ మిషను తెచ్చాను” అన్నాను. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత పెట్టె మొత్తం మాట్లాడింది. రికార్డు చేసింది వినిపిస్తే మామ్మ నోటి మీద చెయ్యి వేసుకుని “ఓలమ్మా! నాను ఇలగ మాటాడతానా!” అంది. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి కూడా పెట్టమంది.

నేను పెట్టుకున్న నియమాలు మూడు. అడగకుండా రికార్డు చేయకూడదు. పేరు రాసుకోకూడదు, ఊరు, సుమారు వయసు, చేసే పని మాత్రమే రాసుకోవాలి. వద్దంటే వాళ్ళ ముందే తీసేయాలి. ఒకామె అరగంట సేపు కోడలి గురించి చెప్పి, దిగబోయే ముందు “అమ్మీ, ఆ కోడలి ముక్క మాత్రం తీసీ, ఆ పిల్ల మంచిదే” అంది. అక్కడికక్కడే తీసేశాను. యాస పరంగా అది నాకు దొరికిన వాటిలో ఎంతో విలువైన ముక్క. అయినా మాట అన్నది మాట్లాడిన మనిషిదే కదా.

రైలు చప్పుడు ఒక ఇబ్బంది. నాగావళి వంతెన మీద, వంశధార వంతెన మీద ఏమీ వినబడదు. అక్కడ ఆపేసి, వంతెన దాటాక మొదలుపెడతాను. మిగతా చప్పుడు ఉన్నా ఫరవాలేదు. మన అమ్మలు ఫోనులో మాట్లాడేది నిశ్శబ్దంగా ఉండే గదిలో కాదు. పిల్లల ఏడుపు, బస్సు హారను, జీడి బట్టీ మధ్య. యంత్రం ఆ చప్పుడులో వినడం నేర్చుకోవాలి.

ఇంటికి వచ్చాక అసలు పని ఉంటుంది. విన్న ప్రతి మాటనూ, విన్నది విన్నట్టుగా అక్షరాల్లో రాయాలి. గంట మాటను రాయడానికి నాకు ఒక రోజు పడుతుంది. బేగి, నెగు, కూకో, ఓపాలి, ఎలగ, అప్ప. ఇవి మనకు నోటి చివరన ఉండే మాటలు. రాసేటప్పుడు మాత్రం చెయ్యి తనంతట తాను ‘త్వరగా’, ‘లే’, ‘కూర్చో’ అని దిద్దబోతుంది. దాన్ని ఆపుకోవడమే ఈ పనిలో కష్టం. రాగులను మనం చోడి అంటాం, తెలంగాణలో తైదలు అంటారు. మూడూ తెలుగే. వ్యవసాయ సలహా చెప్పే యాప్‌కు ఒక్క రాగి మాత్రమే తెలిస్తే, చోడి పండించే రైతు దానికి అర్థం కాడు.

పొందూరులో ఒక ఆదివారం నూలు వడికే ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. పత్తిని శుభ్రం చేయడానికి వాళ్ళు వాలుగ చేప దవడ ఎముకను వాడతారని పుస్తకంలో చదివాను. చూసింది అప్పుడే. ఆ పనిలో ఒక్కో దశకూ ఒక్కో మాట ఉంది. పని పోతే ఆ మాట కూడా పోతుందని ఒక పెద్దామె చెప్పింది. ఆ రోజు నా నోటు పుస్తకంలో మూడు పేజీలు నిండాయి.

మనకంటే ముందు తిరిగినవాళ్ళు

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన పని అనుకోకండి. సంచి తగిలించుకుని మాటల కోసం తిరిగినవాళ్ళు మన నేల మీదే పుట్టారు.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాష నేర్పే పుస్తకం లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర కొండల్లో తిరిగారు, సవర పిల్లల కోసం బడులు పెట్టారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ మందు వల్ల వినికిడి పోయింది. ఎవరూ వినని భాషను విన్న మనిషికి చెవుడు వచ్చింది. అయినా ఆగలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. సీతంపేట బస్సులో సవర మాట వినబడినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. ఆయన దగ్గర మైకు లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఇప్పుడు నా సంచిలో రెండూ ఉన్నాయి.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం తయారు చేశారు. మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. అన్ని జిల్లాల ఊళ్ళలో రైతుల నోటి నుంచి మాటలు సేకరించి, ఏ మాట ఏ జిల్లాలో వాడతారో చూపించారు. తెలుగును నాలుగు మండలాలుగా విడదీసి, మన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపును పూర్వ మండలం అన్నారు. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు. అది 1979లో వచ్చింది. నా ప్రాజెక్టుకు ఆ పుస్తకం ఒక పటంలాంటిది.

శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం స్థాపించారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. 2021లో ఆయన మనకు దూరమయ్యారు, కథానిలయం ఉంది. సెలవు రోజు ఒకసారి వెళ్ళి చూడండి. మన ఊరి మాట అచ్చులోకి ఎక్కడం తప్పు కాదని అక్కడి పుస్తకాలు మనకు చెబుతాయి. గురజాడ గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించినప్పుడే మామూలు మనుషుల మాట వేదిక ఎక్కింది. వంగపండు ప్రసాదరావు గారి పాట మన యాసను రాష్ట్రమంతా తిప్పింది. వేదిక మీదికి, పుస్తకంలోకి, పాటలోకి వచ్చిన మాట యంత్రంలోకి కూడా రావాలి.

యాస గురించి రెండు మాటలు

విశాఖలో మొదటి రోజుల్లో నేను ‘ఏటి’ అంటే క్లాసులో నవ్వేవారు. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నా జవాబులన్నీ సరిపోయాక “మీ యాస కొంచెం మార్చుకోవాలమ్మా” అన్నారు. ఇలాంటివి మీకూ ఎదురవుతాయి. ఇప్పటికే ఎదురై ఉంటాయి. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నవ్వుతారని క్లాసులో నోరు విప్పడమే మానేశారు. సందేహాలు అడగలేదు. మార్కులు తగ్గాయి. యాస మీద నవ్వు మార్కుల దాకా వెళ్తుందని నవ్వేవాళ్ళకు తెలియకపోవచ్చు.

పరీక్షలో ‘నేదు’ అని రాయమని నేను చెప్పను. అక్కడ ‘లేదు’ అనే రాయాలి. ఇంటర్వ్యూలో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాలి. ఇంగ్లీషు తప్పకుండా నేర్చుకోవాలి. ఇవన్నీ కొత్త బట్టల్లాంటివి, వేసుకోవాలి. కొత్త బట్టలు కొన్నామని అమ్మ నేసిన బొంతను పారేయం కదా. చలికాలంలో దాన్నే కప్పుకుంటాం.

మన హాస్టల్‌లోనే ఎన్ని రకాల మాటలు ఉండేవో చూడండి. పలాస వైపు పిల్లలు ఒకలాగ, బొబ్బిలి వైపు పిల్లలు ఒకలాగ, ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు ఇంకోలాగ. బకెట్ల వరుసలో నిలబడి “నీదేటి ముందు, నాదే ముందు” అని దెబ్బలాడుకున్నప్పుడు కూడా ఒకరి మాట ఒకరికి కొత్తగా ఉండేది. వంటమ్మకు అందరి మాటా అర్థమయ్యేది. ఎవరు ఎలా అడిగినా ఇంకో గరిటె వేసేది. పరిశోధన చేసే పెద్ద సంస్థలు ఏళ్ళ తరబడి వెతికే గొంతులు, ఒక్క హాస్టల్ వరండాలో దొరుకుతాయి.

అంబేద్కర్ గారు 1920లో మొదలుపెట్టిన పత్రిక పేరు మూక్‌నాయక్. మూగవారి నాయకుడు అని దాని అర్థం. వాళ్ళు నిజంగా మూగవాళ్ళు కాదు. వాళ్ళ మాట వినేవాళ్ళు లేరు. ఇప్పుడు బ్యాంకు, ఆసుపత్రి, పింఛను, రేషను అన్నీ ఫోనులోకి వస్తున్నాయి. చదువురానివాళ్ళు నోటితో చెబితే చాలు, పని అయిపోతుంది అంటున్నారు. మంచిదే. ఆ నోటి మాట యంత్రానికి అర్థం కాకపోతే, చదువురాని మన అమ్మలు రెండోసారి మూగవాళ్ళవుతారు. కంప్యూటర్ చదువుకున్న మన పిల్లలు చూసుకోవాల్సింది ఇక్కడే.

మీకో పని

నా ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదు. యంత్రం ‘నేదు’ను చాలాసార్లు సరిగానే రాస్తోంది. ‘నెగు’ దగ్గర, వేగంగా మాట్లాడే ముసలివాళ్ళ దగ్గర ఇంకా తడబడుతోంది. పిక్కల రేటు అడిగితే కాళ్ళ నొప్పి మందులు చూపించకుండా చేయడం తర్వాతి మెట్టు. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని మీ అందరినీ ఒక సాయం అడుగుతున్నాను.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ నోటు పుస్తకం తీసుకెళ్ళండి. పేజీకి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మీ ఊరి మాట. రెండో గడిలో దాని అర్థం. మూడో గడిలో ఆ మాట వచ్చే ఒక వాక్యం, విన్నది విన్నట్టుగా. నాలుగో గడిలో ఊరి పేరు, చెప్పినవాళ్ళ వయసు, వాళ్ళు చేసే పని. పొలం పని, చేపల వేట, కుండలు, నేత, జీడి, వంట, పురుడు, పండగ, తిట్లు, లాలిపాటలు, ఏదైనా సరే. తిట్లు కూడా రాయండి, సిగ్గుపడకండి. ఒక్కొక్కరు వంద మాటలు తెస్తే చాలు. పుస్తకాలు మన హాస్టల్ లైబ్రరీలో ఉంచడానికి వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు. అవి నాకోసం కాదు, మీ తర్వాత వచ్చే పిల్లల కోసం కూడా అక్కడే ఉంటాయి. మీలో కంప్యూటర్ వైపు వచ్చే చెల్లి ఎవరో, నేను వదిలిన చోట నుంచి మొదలుపెట్టవచ్చు.

హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న అక్కలకు కూడా ఒక మాట. ఆఫీసులో ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు పక్కకు వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈసారి మీ కుర్చీలోనే కూర్చుని, మామూలుగా, మన మాటలోనే మాట్లాడండి. పక్క సీటులో కూర్చున్నవాళ్ళు ఆ యంత్రాలు తయారుచేసేవాళ్ళే కావచ్చు. వాళ్ళు కూడా వినాలి.

పదో తరగతి రాస్తున్న చెల్లెళ్ళందరూ మంచి మార్కులతో పాసవ్వాలని కోరుకుంటున్నాను. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా వెళ్ళి, పుస్తకాలు నింపుకుని బేగి రండి.

జై భీమ్.

మీ అక్క,
ఎం.సి.ఏ. రెండో సంవత్సరం,
మన హాస్టల్ పూర్వ విద్యార్థిని